పలుకులగట్టు మీద బండ పలికిన వైనం

తుప్పుపట్టిన కరెంటు స్తంభాల వెంట తూర్పుగా నడిస్తే పలుకులగట్టు వస్తుంది. గట్టు మీద రాతి సందులో చిన్న ఊట, దాని పక్కన పలుకులమ్మ. విగ్రహమంటూ లేదు, పసుపు పూసిన బండే అమ్మవారు. పిలిస్తే పలికే తల్లి అని ప్రతి గుడిలోనూ చెబుతారు. ఇక్కడ అది ఉత్తమాట కాదు.

పూర్వం ఇక్కడ నరసంచారం లేదు. నగరాలు కాలిపోయి, బూడిదవాన కురిసి, చెరువులూ బావులూ విషమైపోయిన రోజులవి. గవరయ్య అనే తండ్రి, కూతురు నూకాలును వెంటబెట్టుకుని మంచినీళ్ల కోసం ఊరూరా తిరిగేవాడు. ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు, కంటినిండా నిద్రపోయింది లేదు. బిడ్డ ఎంత పిలిచినా, చెరువునీళ్లు తాగిన తల్లి మళ్లీ పలకలేదు. ఆ భయం అతణ్ణి కాలు నిలవనిచ్చేది కాదు. అందుకే పిల్లకు ఒక కట్టడి పెట్టాడు.

“ముందు నాను తాగతాను. నువ్వు అటు తిరిగి పిలు. పలికితే తాగు. పలక్కపోతే నీల్లు ముట్టకు, ఎనక్కి సూడకుండా ఎలిపో.”

గట్టెక్కేసరికి ఇద్దరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి. గవరయ్య ఊటనీళ్లు తాగాడు. అమృతంలా ఉన్నాయి. కానీ ఎండిన గొంతు ఒక్కసారిగా పట్టేసింది. ఒళ్లు తూలి బండ మీద కూలబడ్డాడు.

“నాన్నా!” అంది నూకాలు, అటు తిరిగి. “నాన్నా, పలకవేటి?”

అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు. పిల్ల ఏడుస్తూనే, తండ్రి మాట జవదాటకుండా గట్టు దిగసాగింది. తాను నేర్పిన మాటే బిడ్డను మంచినీళ్ల దగ్గర్నుంచి తరిమేస్తుంటే గవరయ్య ప్రాణం గిలగిల్లాడింది. ‘ఏ తల్లివి ఉన్నావో, నా బదులు పలుకు’ అని మనసులోనే మొరపెట్టుకున్నాడు.

“ఊఁ, తాగమ్మా!” అంది బండ, అచ్చం గవరయ్య గొంతుతో.

నూకాలు పరుగున వెనక్కి వచ్చి కడుపునిండా తాగి, తండ్రి నోట్లోనూ దోసిలితో పోసింది.

తెల్లవారుజామున అమ్మవారు గవరయ్యకు కలలో కనిపించి, “నాకు గుడి గోపురాలు వద్దు. ఇక్కడ పిలిచిన ఏ బిడ్డా జవాబు వినకుండా వెళ్లకూడదు” అని ఆనతిచ్చింది. తండ్రీకూతుళ్లు ఆ గట్టు మీదే నిలిచిపోయి తొలి అర్చకులయ్యారు.

నేటికీ ఇక్కడ తీర్థం ముందు పెద్దలే పుచ్చుకుంటారు. పిల్లలు అటు తిరిగి పిలిచి, పెద్దలు పలికాకే తాగుతారు. ఇలా తాగిన పిల్లలకు దడుపు, పీడకలలు ఉండవని నమ్మకం. కన్నవారు లేనివారూ పిలవవచ్చు. మొన్నటి జాతరలో పళ్లూడిన ముసలాయన ఒకరు అటు తిరిగి, సిగ్గుపడుతూ “అమ్మా” అన్నారు. గట్టు పొడవునా బారులు తీరిన జనమంతా ఒక్కగొంతుతో పలికారు: “ఊఁ, తాగు నాయనా.”