కోళ్ళు గూటికొచ్చే వేళ

సలోమి మళ్ళీ పారిపోయింది.

ఊరి చివర పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టు దాటి, చెప్పులు చేత్తో పట్టుకుని చేనుగట్ల మీద నడిచిపోతుంటే వాచ్‌మన్ యోబు సైకిలేసుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. పిల్ల ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. "ఎందుకు పోతావే? ఇక్కడ నీకేం తక్కువ చేశాం?" అని సిస్టర్ ఫిలోమిన గద్దిస్తే, కాళ్ళకంటిన నల్లమట్టి వంక చూస్తూ నిలబడింది.

ఫిలోమిన ఆ మఠం వారి ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా వచ్చింది ఆ ఏడే. చురుకైన మనిషి. ఆమె వచ్చాక పిల్లల దుప్పట్లు తెల్లబడ్డాయి, పప్పు చిక్కబడింది. గంట కొడితే చాలు, అందరూ ప్రార్థనకి వరసగా నిలబడుతున్నారు. ఎనిమిదో తరగతి సలోమి ఒక్కతే ఆమెకి కొరుకుడు పడలేదు. గేటుకి తాళం వేస్తే గన్నేరు చెట్టెక్కి గోడ దూకింది. గన్నేరు కొట్టిస్తే బట్టలుతికే బండ వైపు నుంచి పోయింది.

ఇంకొక్కసారి ఇట్లా జరిగితే పేరు కొట్టేసి ఇంటికి పంపేద్దామనుకుంది ఫిలోమిన. అనుకుందే గానీ మనసొప్పలేదు. ఆ పిల్ల తల్లీతండ్రీ ఇటుక బట్టీల పనికి వలసపోయారు. ఊళ్ళో ముసలి నాయనమ్మ ఉంది. పంపేస్తే చదువు అక్కడితో సరి. రేపటి నుంచి మిరపకోతలకే.

ఏమీ తోచక ఇన్నాసమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

ఇన్నాసమ్మగారు ఆ మఠంలో అందరికన్నా పెద్ద సిస్టరు. ఫిలోమిన మఠంలో చేరిన కొత్తల్లో ప్రార్థనా, పనీ, మౌనమూ నేర్పింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, వంటింటి వసారాలో వైరు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ పొద్దుపుచ్చుతున్నారు.

"అమ్మగారూ, పారిపోయే పిల్లని ఎట్లా నిలపాలి?"

ఆవిడ చేతిలో కాయకి ఈనె తీసి, గింజలు చేటలో రాల్చి, అప్పుడన్నారు.

"వంటింటి వెనక జాగా ఊరికే పడుంది. నాలుగు కోళ్ళు పెంచు."

"కోళ్ళా?"

"పిల్లలకి గుడ్లన్నా దక్కుతాయి. గూడు నువ్వే కట్టించు. మేపడం కూడా నువ్వే. ఇంకొకళ్ళకి అప్పజెప్పొద్దు."

ఫిలోమిన బుద్ధెరిగాక కోడిని చేత్తో పట్టుకుని ఎరగదు. అడిగిందేమిటి, వచ్చిన జవాబేమిటి అనుకుంది. కానీ పెద్దల మాటకి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేసి మఠంలో చేరిన మనిషి. సరేనంది.

చేసే పని ఏదైనా దిట్టంగా చెయ్యడం ఆమెకి అలవాటు. యోబు చేత ఇటుకలు పేర్పించి గూటి నేల ఎత్తు చేయించింది. చుట్టూ సన్నకళ్ళ ఇనుపవల బిగించి, ముంగిస తవ్వుకుని రాకుండా వల అంచుని మట్టిలోకి పూడ్పించింది. వేడెక్కకుండా రేకు మీద తాటాకు కప్పించింది. కోళ్ళు ఎక్కి కూర్చోడానికి అడ్డంగా సరుగుడు కర్ర, గుడ్లు పెట్టడానికి మూలన వరిగడ్డి వేసిన పాత గంప. తలుపుకి గడియ, గడియకి తాళం. అంతా అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసి తనలో తనే ముచ్చటపడింది.

సంతలో నాటుకోళ్ళు కొన్నారు. కొన్ని పెట్టలూ, ఒక ఎర్రపుంజూ. రాత్రికి గూట్లో పెట్టి, తెల్లారి తలుపు తీసింది. పొద్దుగూకితే అవే వస్తాయిలే, ఊళ్ళో కోళ్ళన్నీ వచ్చేది అట్లాగే కదా అనుకుంది.

ఒక్కటీ రాలేదు.

ఒకటి వేపచెట్టెక్కింది. రెండు బడి కప్పు మీద కూర్చున్నాయి. పుంజు పక్కవాళ్ళ గడ్డివాము దాకా పోయింది. ఫిలోమిన చీర కుచ్చెళ్ళు దోపుకుని వెంటపడింది. పిల్లలంతా బయటికొచ్చి అటోసారీ ఇటోసారీ పరిగెత్తి, పట్టుకున్నదానికన్నా నవ్విందే ఎక్కువ. చీకటి పడేసరికి అన్నీ దొరికాయి, ఒక తెల్లపెట్ట తప్ప. మర్నాడు కంచె దగ్గర దాని ఈకలు కనిపించాయి.

ఫిలోమిన ఆ ఈకలు ఒక్కొక్కటే ఏరి పారేసింది. ఆ పూట నుంచి గూటికి తాళం తియ్యలేదు.

రోజులు గడిచాయి. లోపల మేతుంది, నీళ్ళున్నాయి, నీడుంది. అయినా అవి కుదురుగా లేవు. పుంజు పెట్టల్ని తరిమేది. పెద్దపెట్ట చిన్నవాటిని పొడిచేది. ఒక నల్లపెట్టకి వీపు మీద ఈకలన్నీ ఊడి ఎర్రగా చర్మం తేలింది. ఫిలోమిన దగ్గరికి వస్తే చాలు, వలకి కొట్టుకునేవి. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నూకలు విసిరేసి, గభాలున తలుపు మూసేది. ఒక్క గుడ్డూ లేదు.

"వదిలితే పోతున్నాయి. మూస్తే పొడుచుకుంటున్నాయి. గూడు చూస్తే అంత బాగుంది! ఇంకేం చెయ్యాలమ్మగారూ?" అని మొత్తుకుంది.

"వాటి దగ్గర ఎంతసేపుంటావు?"

"గింజలు వేసేంతసేపు."

ఇన్నాసమ్మగారు చేట పక్కన పెట్టారు. "నా కుర్చీ అక్కడికి చేర్చు."

ఆ సాయంత్రం నుంచి ఆవిడ మకాం గూటి పక్కనే. ఒళ్ళో నూకల గిన్నె. ఒక్కసారే గుమ్మరించకుండా, నాలుకతో టక్ టక్ మని పిలుస్తూ చిటికెడు చిటికెడు వేసేవారు. ఫిలోమిన పక్కన నిలబడితే, "కూర్చో" అనేవారు. అంతే. కోళ్ళ గురించి గానీ పిల్లల గురించి గానీ ఇంకో మాట లేదు.

ఫిలోమిన బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మొదట్లో ముళ్ళమీద ఉన్నట్టే ఉండేది. స్టడీ టైమయింది, వంట ఎందాకా వచ్చిందో, స్టోర్ రూము తాళం వేశానో లేదో. మనసు హాస్టలంతా తిరిగొచ్చేది. కొన్నాళ్ళకి ఆ తిరుగుడు తగ్గింది. ఎదురుగా ఉన్నవి కనబడటం మొదలైంది.

మేత ఒక్కచోటే ఉంటే పెద్దపెట్ట మిగతావాటిని రానివ్వడం లేదని చూసి, ఇంకో మూలన ఇంకో మూకుడు పెట్టింది. ఊరికే ఉండి తోచకే పొడుచుకుంటున్నాయేమోనని తోటకూర కట్ట వేలాడదీసింది. అవి దాన్ని ఎగిరెగిరి పొడిచాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం తగ్గింది. బూడిద పోస్తే అందులో పొర్లి రెక్కలు దులుపుకున్నాయి. ఒక సాయంత్రం నల్లపెట్ట వచ్చి నేరుగా ఆమె అరచేతిలోనే గింజలు ఏరుకుంది. ముక్కు తగిలి చురుక్కుమంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు ఫిలోమిన.

ఆ దరిదాపుల్లోనే ఒకరోజు, బట్టలుతికే బండ పక్కన సలోమి నిలబడి ఉండటం చూసింది. స్టడీ టైములో ఇక్కడేం పని అనబోయింది. ఇన్నాసమ్మగారు తల తిప్పి ఫిలోమిన వైపు చూశారు. ఫిలోమిన నోటిదాకా వచ్చిన మాట మింగి, బకెట్టు కాస్త పక్కకి జరుపుకుంది. సలోమి వచ్చి మట్టిలో చతికిలబడింది. గంట కొట్టేదాకా ముగ్గురూ కోళ్ళని చూస్తూ కూర్చున్నారు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

నల్లపెట్ట వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి. గంపలో మొదటి గుడ్డు కనిపించింది. వెచ్చగా ఉన్న ఆ గుడ్డుని ఫిలోమిన చెంపకి ఆనించుకుని, ఎవరన్నా చూశారేమోనని చుట్టూ చూసుకుంది.

ఇంకా కాస్త ఎండ ఉండగా, ఒక సాయంత్రం ఇన్నాసమ్మగారన్నారు: "తాళం తియ్యి."

"అమ్మగారూ, పోతాయి!"

"తియ్యి."

తీసింది. పుంజు ముందు మెడ బయటపెట్టి చూసింది. తర్వాత అన్నీ బిలబిలా బయటికి పడ్డాయి. బూడిదకుప్ప గీరాయి, అరటి మొదలు గీరాయి, గీరుకుంటూ గీరుకుంటూ కంచె వైపు సాగాయి. ఫిలోమిన అడ్డం వెళ్ళబోయింది. ముసలి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కూర్చో."

కూర్చుంది. తెల్లపెట్ట ఈకలు కళ్ళముందు మెదిలాయి. ఎండ గోడ దిగి, చెట్ల కొసలకెక్కి, అక్కణ్ణించీ పోయింది. అప్పుడు పుంజు మేత ఆపి తలెత్తింది. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి గూట్లోకి ఎక్కింది. దాని వెనక ఒక పెట్ట. ఇంకొకటి. ఎవరూ అదిలించలేదు, ఎవరూ పిలవలేదు. నల్లపెట్ట ఒక్కటే కరివేపాకు చెట్టు కింద ఉండిపోయింది. ఫిలోమిన లేవబోతే ఇన్నాసమ్మగారు కొంగు పట్టి ఆపారు. దానికేం తొందర లేదు. ఇంకో పురుగుని ఏరుకుని, గుమ్మం దాకా వచ్చి, ఒకసారి ఒళ్ళంతా దులుపుకుని లోపలికి దూకింది.

ఫిలోమిన బకెట్టు మీంచి లేచింది. "ఎట్లా వచ్చాయి?"

"పోవడం వాటికి ఎప్పుడూ వచ్చు" అన్నారు ఇన్నాసమ్మగారు. "రావడం ఇప్పుడు నేర్చాయి. ఇంక గడియ పెట్టు. ముంగిసకి ఇవేం తెలియవు."

శనివారం ఫిలోమిన సలోమికి కబురు పెట్టింది. పిల్ల బట్టల సంచీతో సహా వచ్చి నిలబడింది.

"పేరు కొట్టేశారా సిస్టర్?"

"లేదే. ఊరికెళ్ళి మీ నాయనమ్మని చూసి రా. రేపు సాయంత్రం బస్సుకి వచ్చెయ్."

సలోమి నమ్మలేనట్టు చూసింది. ఫిలోమిన తనే రోడ్డు దాకా వెళ్ళి, తెలిసిన కండక్టరుకి చెప్పి బస్సెక్కించింది. అరటిపళ్ళు చేతిలో పెట్టింది. తప్పకుండా వస్తానని ఒట్టెయ్యి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనకుండానే బస్సు కదిలింది.

ఆదివారం సాయంత్రం బస్సు వచ్చింది. సలోమి దిగలేదు.

"మేం అనుకున్నదే" అన్నారు తోటి సిస్టర్లు. యోబు సైకిలు బయటికి తీశాడు. "వెళ్ళి తీసుకురమ్మంటారా అమ్మా?"

ఫిలోమిన గేటు దగ్గర అరుగు మీద కూర్చుంది. కాళ్ళు లాగుతున్నాయి, లేచి ఆ రోడ్డు వెంట పరిగెత్తమని. "వద్దు యోబూ. చూద్దాం."

దీపాలు పెట్టే వేళకి ఆఖరి బస్సు ఆగింది. మసక వెలుగులో ఎవరో బరువు మోసుకుంటూ వస్తున్నారు. దగ్గరికొచ్చాక తెలిసింది, సలోమి. చంకలో ఒక చంటిది, నూనె లేని జుట్టు, నిద్రలో వేలాడుతున్న కాళ్ళు.

"ఆలస్యమైంది సిస్టర్. దీనికి బట్టలు ఉతికి ఆరబెట్టేసరికి ఆ బస్సు పోయింది."

"ఎవరే?"

"మా చెల్లి. అమ్మావాళ్ళు దీన్ని నాయనమ్మ దగ్గరే వదిలిపోయారు. నాయనమ్మకి చూపు ఆనట్లేదు. ఇది పొయ్యి దగ్గరికి పాకేస్తది. సాయంత్రం పొయ్యి ముట్టించే వేళయితే నాకు ఇక్కడ కాలు నిలవదు." పిల్ల చంక మార్చుకుంది. "నాయనమ్మే తీసుకుపొమ్మంది. తనని పక్కింటోళ్ళు చూసుకుంటారంట."

మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే అని అడగబోయింది ఫిలోమిన. చేతులు చాచి చంటిదాన్ని అందుకుంది. అది నిద్రలోనే ఆమె మెడలో జపమాల పట్టుకుంది.

అట్లాగే ఎత్తుకుని వసారాలోకి వెళ్ళింది. వెనకే సలోమి.

"అమ్మగారూ, సలోమి వచ్చింది. చెల్లెల్ని తెచ్చింది. ఇంత చిన్నపిల్లల్ని హాస్టల్లో చేర్చుకునే నియమం లేదు. ఇప్పుడేం చెయ్యను?"

ఇన్నాసమ్మగారు ముందుకి వంగి, పిల్ల నుదుటి మీద జుట్టు పక్కకి తీసి చూశారు. తర్వాత సలోమి వంక చూశారు.

"ఇద్దరికీ అన్నం పెట్టు."