చెవులమ్మ తల్లి ఎదుట పెద్దలు నోట నీళ్లు పట్టే ఆచారం

ఉదయం ఏడు గంటలు. శ్రావణ మాసం, సన్నని జల్లు. గుమ్మళ్ళలంక ఏటిగట్టు మీద చెవులమ్మ తల్లి గుడి ముందు ఊరిపెద్దలు, పంచాయతీ సభ్యులు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడరు. అందరి నోళ్లలోనూ గోదావరి నీళ్లున్నాయి. ఎదుట పదహారేళ్ల పిల్ల నిలబడి, బడికి దారి ఎటునుంచి వేయాలో చెబుతోంది. ఆమె ముగించేదాకా ఆ నీళ్లు మింగరాదు, ఉమ్మరాదు. ఆ సమయంలో గంట మోగించవద్దని భక్తులకు మనవి.

గర్భగుడిలో తల్లి మోకాలెత్తు నల్లరాయి. రెండు పెద్ద చెవులు స్పష్టంగా కనిపిస్తాయి. నోరు లేదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. లంకకు పెదకాపు భద్రయ్య పెత్తనం చేసే రోజులవి. ఆ ఏడు గోదావరి పోటెత్తింది. పడుచువాళ్లంతా గట్టు మీదికి పోయి, మట్టి వేసి నిలపాలని పెద్దలు చావడిలో తీర్మానించారు. పోవలసినవాళ్లను ఎవరూ అడగలేదు. అడిగే వాడుకే లేదు. అచ్చియమ్మ కొడుకు సూరన్న, కూతురు పేరిందేవి తట్టా పారా పట్టుకుని అందరితో పాటు పోయారు.

అచ్చియమ్మ నడివయసు మనిషి. చావడిలో పెద్దలకు గోదావరి నీళ్లు పోయడం ఆమె వంతు. ఏ తీర్పైనా ఆ నీళ్లు పుచ్చుకున్నాకే చెప్పాలని, నోట పట్టినవి ఉమ్మరాదని అక్కడి కట్టు.

ఆ మధ్యాహ్నం ఆమె గోడకు జారగిలబడితే కన్ను మూతపడింది. కలలో ఏరు ఆడమనిషై వాకిట నిలిచింది. కట్టుకున్న చీర నీళ్లోడుతోంది. "మీ పెద్దల రొదలో పిల్లలు చెప్పేది నాకు వినబడటం లేదు. నా నీళ్లు పోసి ఆ నోళ్లు మూయించు. పిల్లల మాట తెమలకుండా మింగినవాడి గడపకు ముందుగా వస్తాను" అంది. అచ్చియమ్మ ఉలిక్కిపడి లేచింది. వాన కురుస్తూనే ఉంది.

పొద్దు వాలకముందే పేరిందేవి బురదలో పడుతూ లేస్తూ చావడికి వచ్చింది.

"పెద్దయ్యా, గట్టు లోపల్నించి నీరు ఊరుతోంది. మట్టి నిలవడం లేదు. అందర్నీ వెనక్కి పిలవండి. ఊరిని మెట్టకు ఎక్కిద్దాం."

"పాలపళ్లు ఊడాయటే నీకు? ఏదీ, నోరు చూపించు" అన్నాడు లక్కయ్య అనే పెద్ద. నలుగురూ నవ్వారు.

"గట్టు పోతే పంట పోతుందమ్మాయ్. వెళ్లి మన్ను మొయ్యి" అన్నాడు భద్రయ్య.

"దాంతో పాటు మేమూ పోతాం, పెద్దయ్యా."

తర్వాత ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు మాట తుంచేశారు. అచ్చియమ్మ చెంబు పట్టుకుని నిలబడే ఉంది. కొడుకు ఇంకా గట్టు మీదే ఉన్నాడు.

భద్రయ్య తీర్పు చెప్పడానికి దోసిలి పట్టాడు. తక్కినవాళ్లూ పట్టారు. ఆమె వరుసగా నీళ్లు పోసింది. అందరూ నోట పోసుకున్నాక భద్రయ్యతో మెల్లగా అంది.

"మింగకండి, బావగారూ. ఏరు నాకు కలలో కనబడింది. పిల్ల మాట తెమలకుండా మింగినవారి గడపకు ముందుగా వస్తానంది."

భద్రయ్య కళ్లు ఎర్రబడ్డాయి. లక్కయ్య బుగ్గలు పొంగించుకుని ముక్కుతో బుసలు కొట్టాడు. ఎవరూ మింగలేదు.

"చెప్పవే" అంది అచ్చియమ్మ కూతురితో.

పేరిందేవి చెప్పింది. ఎక్కడెక్కడ నీరు ఊరుతోందో, కాళ్ల కింద గట్టు ఎలా అదురుతోందో చెప్పింది. తమలోనూ మాట కలవలేదని, కొందరు ఉండిపోదామంటున్నారని కూడా దాచలేదు. "నిలవమంటే నిలుస్తాం. కానీ అడగండి, పెద్దయ్యా. అక్కడ నిలిచేది మేము కదా."

ఆమె మాట తెమిలాక భద్రయ్య గుటక వేశాడు.

"డప్పు కొట్టించండి. పిల్లల్ని వచ్చేయమనండి. గింజలు వదిలేసి ఊరంతా మెట్టకు నడవండి."

డప్పు మోగుతుండగానే గట్టు తెగింది.

వరద తీశాక గండి పడిన చోట గేదెలు కాసేవాళ్లకు ఈ రాయి దొరికింది. చెవులు చూసి అచ్చియమ్మ అక్కడే చతికిలబడింది. ఊరు ఆ రాయిని చెవులమ్మ అని పిలుచుకుని, దొరికిన చోటే నిలిపి గుడి కట్టింది.

నేటికీ లంకలో రేవు కట్టినా, దారి వేసినా, ముందు మాట చిన్నవాళ్లది. వారు చెప్పిందల్లా ఒప్పుకోవాలని నియమం లేదు. వినాలన్నదే నియమం. మధ్యలో గుటక వేసినవారు ఆ ఏడు సభలో కూర్చోరు. ఇక్కడ నోట నీళ్లు పట్టి బిడ్డ మాట విన్న తల్లిదండ్రులకు, బయటికి వెళ్లిన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం.

ఈ కథ ఎవరు చెప్పినా మెట్ట మీది సంగతి చివరికే ఉంచుతారు. పిల్లలు చేరనిదే కథ ముగించరాదని పెద్దల మాట.

ఆ సాయంత్రం అచ్చియమ్మ మెట్ట మొదట్లో వానలో నిలబడింది. వచ్చినవాళ్లను వచ్చినట్టు తల తడిమి లెక్కపెట్టింది. పోలి వచ్చింది. నరసడు వచ్చాడు. భద్రయ్య మనవడు కుంటుతూ వచ్చాడు. కవలలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా వచ్చారు. పేరిందేవి పక్కనే ఉంది, ఆమె తలా తడిమింది. చాలాసేపు ఎవరూ రాలేదు. చీకటి పడుతుండగా నడుములోతు నీళ్లలోంచి సూరన్న వచ్చాడు.

"నా వెనక ఎవరూ లేరమ్మా. అందరం వచ్చేశాం" అన్నాడు.

ఆమె మళ్లీ పోలి దగ్గర మొదలుపెట్టింది.