ఎండుచేపల పందిట్లో కొండపువ్వు

అనగా అనగా అంటే ఎన్నాళ్ళ కిందటో నాకూ సరిగ్గా తెలియదు గానీ, సముద్రపు ఒడ్డున వేలాపురం అని ఒక రాజ్యం ఉండేది. దానికి భద్రసేనుడు రాజు. మంచివాడే. కాకపోతే ముక్కు కొంచెం సున్నితం.

ఆ ఊళ్ళో వేసవి ఎలా ఉండేదంటే, స్నానం చేసి ఒళ్ళు తుడుచుకునేలోపు మళ్ళీ చెమట పట్టేది. ఎండ ఒక్కటే అయితే ఫరవాలేదు, నీడన కూర్చోవచ్చు. ఉక్క అలా కాదు కదా, నీడలోకీ వెంట వస్తుంది.

కోటకు తూర్పున తాటితోపు, తోపు పక్కన ఎండుచేపల పందిళ్ళు ఉండేవి. నలభై కుటుంబాలవాళ్ళు వెదురు గడలు పాతి, తాళ్ళు కట్టి, ఉప్పు పట్టించిన చేపల్ని వరసగా వేలాడదీసి ఆరబెట్టుకునేవారు. వానాకాలంలో వేట సాగదు. ఆ నాలుగు నెలలూ వాళ్ళ పొయ్యి వెలగాలంటే ఈ చేపలే ఆధారం.

గాలి వీచినప్పుడల్లా ఆ వాసన తిన్నగా కోటలోకి పోయేది. అందుకని పట్టాభిషేకమైన మర్నాడే రాజుగారు తూర్పు కిటికీలన్నీ మూయించేశాడు. కిటికీలు మూశాక ఇక ఆ సంగతే మరిచిపోయాడు.

ఒక ఏడు వేసవి మొదట్లో, పొరుగున ఉన్న కొండరాజు స్నేహానికి గుర్తుగా మూడు మొక్కలు పంపాడు. మట్టిలో పెరిగేవి కావవి. మంచు కురిసే చోట చెట్టుకొమ్మను కరుచుకొని, వేళ్ళు గాలిలోకి వేలాడేసుకొని బతుకుతాయి. ఇప్పుడు మనం ఆర్కిడ్లు అంటామే, ఆ జాతి. "తొలకరికి పూస్తాయి. అప్పుడు చూడ్డానికి నేనే వస్తాను" అని కబురు కూడా చేశాడు.

అతిథి వస్తున్నాడనగానే రాజుగారికి చేపల వాసన గుర్తొచ్చింది. "తొలకరిలోగా ఆ పందిళ్ళు పీకించండి" అని ఆజ్ఞ వేశాడు. మొక్కల్ని ఉద్యానాధికారి మకరందుడికి అప్పగించాడు.

మకరందుడు మల్లెలు పెంచడంలో మహా నేర్పరి. కొండమొక్కనీ మల్లెలాగే చూశాడు. మొదటి మొక్కని పశువుల ఎరువు వేసి కుండీలో నాటి, పూటపూటా నీళ్ళు పోశాడు. "ఈ ఉక్కకి మనకే అంత దాహం వేస్తోంది, పాపం దానికి వెయ్యదా?" అన్నాడు. పదిరోజుల్లో వేళ్ళు నల్లబడి, జిగురుగా ఊడి చేతికొచ్చాయి.

రెండో మొక్కకి చల్లదనం కావాలనుకున్నాడు. కోటలో ఒక గది తలుపులు బిగించి, చుట్టూ తడిపిన వట్టివేరు తడికెలు కట్టాడు. పొడిగాలి వీచే ఊళ్ళో అయితే అది గొప్ప ఉపాయమే. ఈ ఊళ్ళో గాలే తడి. పైగా గాలొచ్చే తూర్పు కిటికీలన్నీ మూత. వారం తిరక్కుండా ఆకులకి గోధుమరంగు మచ్చలొచ్చి, నడిమి లేత మొవ్వు కుళ్ళిపోయింది.

మూడో మొక్కని ఏం చెయ్యాలో తెలియక, కుండీతో సహా ఒళ్ళో పెట్టుకొని సభలో కూర్చున్నాడు.

సరిగ్గా ఆ రోజే ఎండుచేపల నూకరత్నం సభకొచ్చింది. మనిషి సన్నం, గొంతు లావు.

"మారాజా, పందిళ్ళు తీసేస్తే మా నలభై ఇళ్ళవాళ్ళం వానాకాలం ఏం తినాల?" అంది.

"ఇంకోచోట కట్టుకోండి" అన్నాడు రాజు.

"ఇంకోచోట గాలి ఆడదు బాబూ. గాలాడకపోతే చేప కుళ్ళిపోద్ది. ఇదిగో, ఈయన ఒళ్ళో మొక్క కుళ్ళుతున్నట్టే."

మకరందుడికి ఒళ్ళు మండింది. "చేపలమ్ముకునేదానివి, మొక్కల సంగతి నీకేం తెలుసే?"

"మొక్కల సంగతి తెలీదు నాయనా. కుళ్ళు సంగతి తెలుసు. ముప్పై ఏళ్ళుగా నా పోట్లాట దాంతోనే."

సభంతా నవ్వింది. రాజుగారూ నవ్వాడు. "అయితే దీన్ని నువ్వే పూయించు. పూస్తే మీ పందిళ్ళు ఉంటాయి. పూయకపోతే నీ చేత్తో నువ్వే పీకాలి" అన్నాడు.

అందరూ ఆమె భయపడి దణ్ణం పెట్టేస్తుందనుకున్నారు. నూకరత్నం కొంగు బిగించింది. "సరే మారాజా. నాదీ ఒక మాట. పూసి వాడేదాకా ఇది నా పందిట్లోనే ఉంటాది. ఎవరూ తాకకూడదు, తెమ్మని కబురు పెట్టకూడదు."

రాజుగారు నవ్వుతూనే మాట ఇచ్చాడు.

ఆమె మొక్కని ఇంటికి తెచ్చి, ముందు కుండీలోంచి పీకేసింది. చేపల కత్తిని నిప్పుల్లో కాల్చి, కుళ్ళిన వేళ్ళని కోసేసింది. బతికున్న వేళ్ళని పీచున్న ఎండు కొబ్బరి డొక్కకి వలదారంతో కట్టింది. పైన తాటాకు తడిక నీడ వేసి, అన్నిటికంటే ఎత్తైన తాడుకి, చేపల వరసల మధ్య వేలాడదీసింది.

ఇక రోజూ తెల్లవారుజామున ఇసుకలో తవ్విన చెలమలోంచి మంచినీళ్ళు తోడేది. ఒక చుక్క నాలిక మీద వేసుకొని, ఉప్పు తగల్లేదని తేలాకే మొక్క దగ్గరికి తెచ్చేది. ఆకుల మీద పేరుకున్న సముద్రపు ఉప్పు పోయేలా ఒక్కసారి కడిగేది. ఎండెక్కేలోపు గాలి ఆ తడంతా ఆరబెట్టేసేది. మిట్టమధ్యాహ్నం వేడికి తట్టుకోలేనప్పుడు కింద ఇసుకని తడిపేది గానీ, మొక్క మీద చుక్క పడనిచ్చేది కాదు.

అయినా రెండాకులు పండి రాలిపోయాయి. పక్క పందిరి మసేనమ్మకి మనసు ఆగలేదు. "అక్కా, ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యవే" అంది.

"నీళ్ళు పోసి చంపడం మకరందుడికి చేతనవుద్ది. మనం ఆగుదాం" అంది నూకరత్నం. అన్నదే గానీ, ఆ పూట ఆమెకీ ముద్ద దిగలేదు. నలభై పొయ్యిలు ఆ కొబ్బరి డొక్క మీద వేలాడుతున్నాయి మరి.

ఇరవయ్యో రోజున కొబ్బరిపీచులోంచి పెసరమొలకంత పచ్చటి వేరు తొంగి చూసింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ వేళ మాత్రం చేపల మీద వాలిన కాకిని కూడా తిట్టకుండా తోలింది.

రోహిణి కార్తెలో మొగ్గ తొడిగింది. ఆ వార్త కోటకి చేరింది. రాజుగారు ఇచ్చిన మాట మరిచి పల్లకీ పంపాడు.

"రాణిగారు మొగ్గ చూస్తారట, ఇవ్వు" అన్నారు బోయీలు.

"పల్లకీకి తెరలుంటాయి. తెరలో గాలాడదు. రాణిగారినే రమ్మనండి, పీట వేస్తాను" అంది.

నాలుగు రోజులాగి మకరందుడు బంగారు కడియం పట్టుకొచ్చాడు. "మొక్కని కోటలో వెండి స్తంభానికి కట్టుకుంటాం. కడియం నువ్వు ఉంచుకో."

"నీ చేతికే బావుంటాది నాయనా, నువ్వే తొడుక్కో" అంది.

తొలకరి రానే వచ్చింది. నాలుగు చినుకులు పడి, ఉక్క రెట్టింపయింది. కొండరాజు కోటలో దిగాడు. కాసేపట్లోనే భటులు పందిళ్ళ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "పువ్వు ఇస్తావా, ఇప్పుడే పందిళ్ళు కూల్చమంటావా?"

నూకరత్నం మొదటి గడని వాటేసుకొని నిలబడింది. ఆమె వెనక మసేనమ్మ, ఆ వెనక నలభై ఇళ్ళవాళ్ళూ గడకొకరు నిలబడ్డారు.

"మారాజు నాకు మాటిచ్చారు. నేను దాన్ని దించను. చూడాలనుంటే వారికి కాళ్ళున్నాయి. పోయి ఇదే మాట చెప్పండి, ఒక్క ముక్క తగ్గించకుండా."

భటులు సభలో అదే చెప్పారు. రాజుగారి ముఖం ఎర్రబడింది. కొండరాజు మాత్రం పగలబడి నవ్వాడు. "మా కొండల్లోనూ పువ్వు దగ్గరికి మేమే నడిచి వెళ్తాం, దాన్ని రమ్మనం. పదండి."

అతిథి లేచాక రాజు కూర్చోలేడు కదా. ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకొని బయల్దేరాడు. పందిట్లో తాళ్ళు కిందికి ఉన్నాయి. కిరీటం తీసి చేత్తో పట్టుకుంటే గానీ లోపలికి దూరడం కుదరలేదు.

చేపల వరసల మధ్య, కొబ్బరి డొక్క మీద, పువ్వు విచ్చుకొని ఉంది. తెల్లటి రేకులు, గొంతు దగ్గర పసుపు. గాలికి మెల్లగా ఊగుతోంది.

రాజుగారు పువ్వునే చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబడగా నిలబడగా ఒంటిమీద చెమట ఆరింది. ఉత్తరీయం ఎప్పుడు కిందికి జారిందో ఆయనకే తెలియదు.

"ఇంత గాలి ఇక్కడ ఉందా? మా కోటలోకి ఎందుకు రాదు?" అన్నాడు.

నూకరత్నం కోటకేసి చెయ్యి చూపింది. "వస్తాది మారాజా. రోజూ మీ కిటికీల దాకా వచ్చి, వెనక్కి పోతోంది."

రాజుగారు కోట కిటికీలకేసి చూశాడు. తరవాత భటులకేసి తిరిగి, "ఈ పందిళ్ళ మీద ఇక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నేను అడిగినా సరే" అన్నాడు.

ఆ సాయంత్రమే కోట తూర్పు కిటికీలు తెరిచారు. మొదటిరోజు రాజుగారు ముక్కు మూసుకున్నాడు. మూడోరోజుకి మూసుకోవడం మరిచిపోయాడు. నాలుగోరోజు రాణిగారు వంటవాణ్ణి పిలిచి ఎండుచేపల పులుసు పెట్టమంది. మకరందుడు మాత్రం రోజూ తెల్లవారుజామున చెలమ దగ్గర చేతులు కట్టుకొని నిలబడేవాడు. "ముందు నాలిక మీద వేసుకొని చూడు నాయనా" అని నూకరత్నం అతనికి నేర్పేది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఇదీ నీతి: పనిచేసేవాళ్ళ వాసన గిట్టదని కిటికీ మూసుకున్నవాడు, తనను బతికించే గాలిని కూడా బయటే నిలబెడతాడు.