సూదమ్మ అడిగిన ప్రశ్న

అనగనగా, పిల్లలూ, ఏటా ఒకసారి వాగులో కొట్టుకుపోయే బడి ఒకటి ఒక అడవిలో ఉండేది. ఎక్కడో దూరపు కొండల మీద వాన పడేది. ఇక్కడేమో ఎండ ఫెళ్లున కాస్తూ ఉండేది. అంతలోనే వాగు పొంగి తాటాకుల కప్పునీ, పలకల్నీ ఎత్తుకుపోయేది. పోయినేడు ఒక కుందేలు పిల్ల కూడా వరదలో పడింది. బల్ల పట్టుకుని తేలుతుంటే ఏనుగు తొండంతో లాగి ఒడ్డున పడేసింది. ఆ రోజు నుంచి బడి పెద్ద జాంబయ్య మాస్టారు వాగు చప్పుడైతే చాలు, పిల్లల్ని లెక్కపెట్టుకునేవాడు. జాంబయ్య అంటే ఎవరనుకున్నారు? ఇంత లావు ఎలుగుబంటి!

ఆ చలికాలం మంచు దేశం నుంచి పెద్దబాతులు వచ్చాయి. వాటికీ అక్కడ ఒక బడి ఉంది. ఆ బడి టీచరు పేరు ధవళ.

"మాస్టారూ, వేరే దేశపు బడితో జత కట్టి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని మా పిల్లలకి సరదాగా ఉంది. రేపు మీ బడి చూడ్డానికి వస్తాం" అంది ధవళ టీచరు.

జాంబయ్య ఎగిరి గంతేశాడు. 'మబ్బుల్లో తిరిగేవాళ్లు! వరద ఎప్పుడొస్తుందో చెప్పడం వీళ్లకి రాకపోతే ఇంకెవరికి వస్తుంది?' అనుకున్నాడు. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. 'మా బడి కొట్టుకుపోతుందని తెలిస్తే వీళ్లు జత కడతారా? నవ్విపోరూ?'

ఇంకేముంది, హడావుడి మొదలైంది. దారంతా నీళ్లు చల్లించాడు. చిలక చేత జవాబులన్నీ బట్టీ పట్టించాడు. జవాబు చెప్పగానే చప్పట్లు కొట్టాలని ఉడతలకి నేర్పాడు. చివరికి ముళ్లపంది పిల్ల సూదమ్మని పిలిచాడు.

"నువ్వు రేపు ఆ పొద వెనక కూర్చోమ్మా."

"ఎందుకు మాస్టారూ?"

"ఇదిగో, ఇందుకే! నోరు తెరిస్తే ప్రశ్నే కదా నీకు!"

సూదమ్మ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ధవళ టీచరు పదిమంది బాతు పిల్లలతో వచ్చింది.

"వానాకాలంలో మీ బడి ఎలా నడుస్తుంది?" అని అడిగింది.

చిలక లేచి, "మా బడి మూడు కాలాలయందును చక్కగా నడుచును" అంది. ఉడతలు చప్పట్లు కొట్టాయి.

"మీకు దేనికైనా భయమేస్తుందా?"

"భయమన్న మాట మేమెరుగము." మళ్లీ చప్పట్లు.

"మరి మా దగ్గర ఏం నేర్చుకోవాలనుంది?"

"మాకు సమస్తమును వచ్చును!" ఈసారి ఉడతలు మరీ హుషారై, జవాబు పూర్తి కాకముందే చప్పట్లు కొట్టేశాయి.

జాంబయ్య మీసం దువ్వుకున్నాడు. ధవళ టీచరు మాత్రం లేచి నిలబడింది.

"చాలా సంతోషం మాస్టారూ. మీకు అన్నీ వచ్చు. ఇక మాతో మీకేం పని? కొండ అవతలి అడవిలో ఇంకో బడి ఉందట, అక్కడికి వెళ్తాం" అని పిల్లల్ని బయల్దేరదీసింది.

జాంబయ్య వాళ్ల వెనకే రెండడుగులు వేశాడు. బాతులు రెక్కలు విప్పుతున్నాయి. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వచ్చే ఏడు మళ్లీ వరద వస్తుంది, మళ్లీ ఏ పసివాడో నీళ్లలో పడతాడు. ఆ ఏనుగు ప్రతిసారీ అక్కడే ఉంటుందా?

"ఆగండి టీచరుగారూ! మా బడి ఏటా కొట్టుకుపోతుంది. మాకు భయం కూడా ఎక్కువే. ఇవన్నీ నేను బట్టీ పట్టించిన మాటలు. తప్పు నాది, పిల్లలది కాదు" అన్నాడు. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా గబగబా పొద దగ్గరికి వెళ్లి, "రామ్మా సూదమ్మా, నువ్వు అడగాలనుకున్నది అడుగు" అన్నాడు.

సూదమ్మ బెదురుగా ముందుకొచ్చింది. "ఇక్కడ ఎండ కాస్తుండగానే వరదొస్తుంది టీచర్. అది ముందే ఎలా తెలుస్తుంది?"

ధవళ టీచరు నవ్వలేదు. తన బాతు పిల్లలకేసి చూసి, మెల్లగా అంది. "నేనూ ఒక నిజం చెప్పాలి. మా దేశంలో చెట్లు తక్కువ. ఇక్కడ ఏది తినాలో, ఏది కూడదో మా పిల్లలకి తెలీదు. మొన్న ఉమ్మెత్తకాయ తిని ఇద్దరు చావుదప్పి బతికారు. అడిగితే నామోషీ అని నేనూ ఊరుకున్నాను."

"అయ్యో! ఆ చెట్లన్నీ నాకు తెలుసు!" అని ఎగిరింది సూదమ్మ.

అంతే, రెండు బడులూ జత కట్టాయి. పొద్దున పూట సూదమ్మ బాతు పిల్లల్ని వెంటేసుకుని ఏ ఆకు మంచిదో, ఏ కాయ విషమో చూపించేది. సాయంత్రం ధవళ టీచరు అందరినీ గుట్ట ఎక్కించేది. "దూరపు కొండల మీద మబ్బు నల్లగా కమ్మితే, అటునుంచి గాలి తడి వాసన తెస్తే, పూట తిరక్కుండా వాగు పొంగుతుంది" అని నేర్పేది.

చలి తగ్గగానే బాతులు వాళ్ల దేశం వెళ్లిపోయాయి. వానాకాలం వచ్చింది. ఒకరోజు సూదమ్మ గుట్ట దిగి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ! మబ్బు కమ్మింది! తడి వాసన!"

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. అయినా జాంబయ్య సూదమ్మ మాట నమ్మాడు. పలకలు, బల్లలు, కప్పు, పిల్లలు, అన్నిటినీ గుట్ట మీదికి చేర్చాడు. సాయంత్రానికి వాగు హోరుమంటూ వచ్చి, బడి ఉండే చోటంతా వెతుక్కుని, ఏమీ దొరక్క వెళ్లిపోయింది. పిల్లలు పైనుంచి దానికి చేతులూపారు.

మళ్లీ చలికాలం వచ్చింది. ధవళ టీచరు ఈసారి ముప్పైమంది పిల్లల్ని తెచ్చింది.

"మాస్టారూ, మా బడిలో ఇప్పుడు రోజూ మొదటి గంట కొత్త పాఠం. ఎవరికి ఏది తెలీదో వాళ్లు లేచి చెప్పాలి" అంది.

జాంబయ్య కడుపుబ్బ నవ్వాడు. "అయితే నన్నూ చేర్చుకోండి టీచరుగారూ! నాకు తెలీనివి ఏడాదికి సరిపడా ఉన్నాయి."

నీతి: గొప్పలు చెప్పుకుంటే చప్పట్లే దక్కుతాయి. తెలియనిది తెలియదని చెప్పి అడిగితే స్నేహితులు దొరుకుతారు.