గోడ మీంచి పోసిన నీళ్ళు

పెద్దాపురంలో చయనులుగారు సాయంత్రాలు పురాణం చెబుతారు. ఎవరైనా సందేహం అడిగితే మాత్రం పుస్తకం మూసేసి, కండువా భుజాన వేసుకుని, "పద, చూసొద్దాం" అంటారు.

ఆ వైశాఖంలో సందేహం సుభాషిణిది. ఆమె ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె ఇళ్ళలోనే కాపురం. ఎవరో అప్పు తీర్చలేకపోతే బ్యాంకువాళ్ళు వేలం వేసిన ఇంటిని పాడి దక్కించుకుంది. తీరా తాళంచెవి చేతికొచ్చాక ఆమెకు కాలు ముందుకు పడలేదు. తాళం వేసి వచ్చేసి, మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. చివరికి, అమ్మేద్దామని భర్తతో అనేసింది. ఆయన ఆ పూట అన్నం కెలికి లేచిపోయాడు.

"గురువుగారూ, ఒకరు ఏడుస్తూ ఖాళీ చేసిన ఇంట్లో ఇంకొకరు నవ్వుతూ ఎలా ఉండగలరు?" అని అడిగింది.

చయనులుగారు కండువా అందుకున్నారు.

వాళ్ళు మలుపు తిరిగేసరికి ఆ ఇంటి ప్రహరీ పక్కన ఒక పెద్దావిడ రాయెక్కి నిలబడి, బిందెతో గోడ మీంచి లోపలికి నీళ్ళు పోస్తోంది. సగం నీళ్ళు ఆవిడ చీర మీదే పడుతున్నాయి.

"ఎవరికమ్మా ఆ నీళ్ళు?" అన్నారు చయనులుగారు.

"మల్లెపాదుకండీ. ఒకప్పుడు ఈ ఇల్లు మాదే. కోళ్ళకి తెగులొచ్చి ఫారం పోయింది, వెనకాలే ఇదీ పోయింది." ఆవిడ కిందికి దిగి చెంగు పిండుకుంది. పేరు వరహాలమ్మట, పక్క వీధిలో అద్దెకుంటున్నారట. "ఏడ్చాను, దాచేదేముంది. ఇప్పుడు మాత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడైతే అప్పులవాళ్ళేమోనని గుండె ఝల్లుమనడం లేదు, హాయిగా నిద్రపడుతోంది. ఆ కొన్నావిడ మీదే నా కోపమంతా. పాడుబెట్టడానికా కొనుక్కుంది?"

సుభాషిణి గురువుగారి వైపు చూసింది. ఆయన గోడ అవతలి మల్లెతీగను చూస్తున్నారు.

"కొన్నది నేనేనండీ" అంది మెల్లగా.

వరహాలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "తాళంచెవి ఉందా?"

"ఉందండీ."

"మరి తియ్యి. ఇంకా ఏం చూస్తావు?"

లోపల గాలి ముక్కిపోయి ఉంది. వరహాలమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కిటికీ తలుపు కాస్త పైకెత్తి తోసింది. "ఇలా తియ్యాలి. మా ఆయనకి ఎన్నేళ్ళయినా చేతకాలేదు" అని నవ్వింది. నడవలో మాత్రం ఒక్క క్షణం ఆగి, దూలం కేసి చూసింది. "మా అమ్మాయికి ఉయ్యాల ఇక్కడే కట్టాం. నీకు పిల్లలా?"

"ఇద్దరండీ."

"ఇల్లంతా పరుగెత్తనియ్యి."

సుభాషిణికి కళ్ళు నిండాయి. అంతలోనే కొంగు బిగించి చీపురు అందుకుంది. ఇద్దరూ కలిసి గదులు కడిగారు, పాదులు తవ్వారు, ఒకరినొకరు తడుపుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. కోసిన మల్లెమొగ్గలు చెరిసగం చేసుకున్నారు. రేపూ రమ్మని సుభాషిణి అంటే, నువ్వు పిలవకపోయినా వస్తానంది వరహాలమ్మ. అరుగు మీద కూర్చున్న చయనులుగారికి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

తిరుగుదారిలో సుభాషిణికి గుర్తొచ్చింది. "గురువుగారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు."

"పాలవాడికి కొత్త ఇంటి గుర్తులు చెప్పమ్మా, మరిచిపోతావు" అన్నారు చయనులుగారు.