కక్కెరమ్మ మూడు ఊపిరులు

ఒళ్ళంతా రంగురంగుల చుక్కలున్న పెట్ట ఒకటి ఉండేది. పేరు కక్కెరమ్మ. దానికున్న కంగారు ఏడు మండలాలకు పంచినా ఇంకా మిగిలేది. తన నీడ తనకంటే ముందు నడుస్తోందని ఒకసారి మూడు ఊళ్ళు దాటి పరుగెత్తింది. ఆ దుమ్ముకు పొద్దుగూకిందనుకుని దారిపొడవునా పశువులు మేత మానేసి ఇళ్ళకు మళ్ళాయి.

అలాంటి కక్కెరమ్మ గొడ్లపాక మూల గంపలో పది గుడ్లు పొదుగుతోంది. ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చోవడమంటే మాటలా! పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం, ఇంటివాళ్ళు కుక్కను వెంటబెట్టుకుని కోతకు వెళ్ళిన వేళ, దడి వెనక నుంచి ఒక కేక పిడుగులా పడింది.

"మరదలా! గంప వెనక పాము!"

ఇంకేముంది! కక్కెరమ్మ ఎగిరిన ఎగురుకు పాక కప్పు మూరెడు పైకి లేచింది. కట్టుకొయ్య దగ్గరున్న గేదె నల్లమ్మ "ఆగవే, ఆగు!" అంటూనే ఉంది, పెట్ట చెరుకుతోట దాటేసింది.

తిరిగొచ్చి చూస్తే పామూ లేదు, మూడు గుడ్లూ లేవు. దడి కంతలోంచి నక్క తోక జారుకుంటోంది.

"అత్తా! నా పిల్లల్ని మింగేశాడే! నీకు ఆ తాడు లేకపోయినా బాగుండేది!" అని కక్కెరమ్మ గొల్లున ఏడ్చింది.

"నాకు తాడుంది. నీకు లేకనే కదే ఈ గతి," అంది నల్లమ్మ నెమరేస్తూ. "రెక్కలు నీవి, ఆడించింది వాడు."

"భయమేస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయత్తా. నేనేం చెయ్యను?"

"లేవనీ. మూడు ఊపిరులయ్యాక లేవమను. ముక్కుతో నిదానంగా లోపలికి, అంతకంటే నిదానంగా బయటికి. ఆ కాసేపూ ఊపిరినే చూడు, ఇంకేదీ పట్టించుకోకు. అవసరం వచ్చినప్పుడే చేద్దామంటే కుదరదు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. గింజ పొడిచే ముందు ఒకసారి, నీళ్ళు తాగే ముందు ఒకసారి, పుంజుతో తగువుకు దిగే ముందు ఒకసారి."

"పుంజుతోనా? అయితే ఇక రోజంతా ఊపిరి తీస్తూ కూర్చోవడమే నా పని!"

అలా అందే గానీ, చేసింది. మొదటి రోజు రెండో ఊపిరికే దగ్గొచ్చింది. మర్నాడు మూడూ కుదిరాయి. ఈలోగా ఇంటివాళ్ళు దడి కంతలో ముళ్ళకంప కుక్కారు.

ఇరవయ్యో రోజు. గుడ్లలోంచి సన్నగా కిచకిచలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడు, మళ్ళీ అదే గొంతు!

"మరదలా! గడ్డివాము అంటుకుంది! నిప్పు పాకమీదికి వచ్చేస్తోంది, పరుగెత్తు!"

కక్కెరమ్మ కాళ్ళు లేవనే లేచాయి. బలవంతాన వాటిని మళ్ళీ గంపలోకి ముడుచుకుంది.

ఒకటి. గుండె వంద డప్పుల పెట్టున మోగుతోంది.

రెండు. ముక్కులోకి పేడ వాసన వచ్చింది, ఎండుగడ్డి వాసన వచ్చింది. మరి పొగ ఏదీ? వాము కాలితే పొగ పక్క జిల్లాదాకా పోతుంది, పక్కనే ఉన్న నా ముక్కుకు రాదా?

మూడు. ఈసారి తగిలింది కంపు. నక్క కంపు! నల్లమ్మత్త వైపు మట్టిగోడ అవతలి నుంచి.

కక్కెరమ్మకు నవ్వు ఉబికి వచ్చింది. దాన్ని బిగపట్టి, లోకమంతా వినబడేలా ఏడుపు అందుకుంది. "అయ్యో బావా! నేను పారిపోతున్నా! గంప ఆ మట్టిగోడ కిందకి మార్చారు. నా గుడ్లను నువ్వే కాపాడాలి! నిప్పొచ్చేస్తోంది, చూస్తూ నిలబడకు, దూకెయ్!"

ఏడు గుడ్లు! నక్క నోట్లో ఊరిన నీళ్ళకు అరెకరం తడిసింది. ఊపిరి కూడా తీసుకోకుండా ఒక్క దూకు దూకింది.

గోడ కింద ఉన్నది గంప కాదు, నల్లమ్మ తాగే కుడితి గోలెం. నక్క నిలువునా మునిగింది. చెవుల నిండా తవుడు, మూతి నిండా గంజి. తల పైకెత్తేసరికి ఎదురుగా రెండు కొమ్ములు.

"అత్తా, ఆగత్తా! ఊపిరాడటం లేదు!"

"తొందరేం లేదల్లుడా, నిదానంగా తీసుకో. నేను లెక్కపెడతాలే," అంది నల్లమ్మ. మూడు లెక్కపెట్టి మరీ ఎత్తి కొట్టింది.

నక్క ఏడు తాటిచెట్ల ఎత్తు లేచి, ముళ్ళకంపలో దిగింది. ఒంటికి గుచ్చుకున్న ముళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయి, ఏ అడవిలో తేలిందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దెక్కేసరికి గంపలో ఏడు పిల్లలు, పసుపు ముద్దల్లాగా. ఏడూ ఒక్కసారే అరిస్తే కక్కెరమ్మ ఉలిక్కిపడింది. కానీ లేవలేదు.

నీతి: మనల్ని కంగారుపెట్టేవాడు మన ఊపిరి కుదుటపడేదాకా ఆగడు, అందుకే కాలు కదిపే ముందు మనమే ఆగాలి.