వాకిటి విస్తరిని పంక్తిలో వేయించిన ఊరటగౌరి నోము కథ

పూర్వమొకప్పుడు ఆర్జవ మహర్షి శీలభాను మునిని సమీపించి, మనుష్యులు దిగులు మరచుటకు కల్లు త్రాగి, ఆ కల్లు వలన మరింత దిగులున పడుచున్నారనియు, ఇంటివారు తిట్టిన కొలది అది పెరుగుచున్నదనియు చెప్పి, ఉపాయమేమని అడిగెను. శీలభానుడు కన్నులు తుడుచుకొని ఇట్లు చెప్పెను.

గోదావరి ఒడ్డున కంచరిపాడను ఊర కాచాంబ అను ఇల్లాలు గలదు. ఆమె పెనిమిటి వీరోజు, కొడుకు నాగోజు ఇత్తడి పోత పోసి బ్రతుకువారు. నాగోజు భార్య పురిటిలోనే పోయెను. ఆమె కన్న కూతురు మల్లసాని మూడేండ్లు పెరిగి జ్వరమున పోయెను. పేరు వినిన కొడుకు గుండె పగులునని జడిసి, ఆ పేరు ఇంట ఎవ్వరును ఎత్తరాదని వీరోజు ఆన పెట్టెను. పిల్ల నీళ్లు త్రాగిన చిన్న చెంబును సైతము కొలిమిలో కరగించెను. పాపము, ప్రేమతోనే చేసెను.

నాగోజు గోడవైపు తిరిగి పండుకొనెను. తిండి సహింపలేదు, సుత్తి పట్టిన చేయి లేవలేదు. తండ్రి సోమరి అనెను, చుట్టములు గాలి సోకినదనిరి. ఏమి నాయనా అని అడిగినవారు లేరు. కాచాంబ అడుగబోయి మగనికి వెరచి మానుకొనెను. నాగోజు తాళ్లతోపునకు పోయి త్రాగ మొదలిడెను. ఇంటివారు సిగ్గుపడి అతని విస్తరి వాకిట వేసిరి. అందుకతడు మరింత త్రాగెను. కొలిమి చల్లారెను.

కాచాంబ కొడుకును వెదకుచు తోపునకు పోగా, కల్లు పోయు ముసలిది, "తాగేది తాగుతాడమ్మా. కానీ వాడు వచ్చేది పిల్ల పేరు చెప్పుకోటానికి. మీ ఇంట్లో చెప్పనివ్వరంట గదా" అనెను. ఆ మాట విని కాచాంబ వెనుదిరిగెను.

ఇంటికి వచ్చి పసుపు ముద్దను గౌరిగా నిలిపి ఏడ్చెను. గౌరీతల్లి ముత్తైదువ రూపున వచ్చి, అయిదు శుక్రవారములు కొడుకును ఇంటిల్లిపాదితో ఒకే పంక్తిన కూర్చుండబెట్టుమనియు, కల్లు మాట ఎత్తక, నొప్పి ఏమని అడిగి తుదిదాక వినుమనియు, నడుమ లేచిన నోము చెడుననియు చెప్పెను.

తొలివారము నాగోజు నోరు విప్పగానే వీరోజు, "మగపుటక పుట్టి ఎన్నాళ్లురా ఈ ఏడుపు" అని విస్తరి విడిచి లేచెను. నోము చెడెను. నాగోజు ఆనాడు త్రాగి నెత్తురు కక్కుకొని పడిపోయెను. అతని చేతులకు వణుకు పట్టెను.

కాచాంబ మరల నోము పట్టెను. ఈసారి మగనికి జడియక, పంక్తి నుండి లేచితివా నేనును ఇల్లు విడిచి పోదునని చెప్పెను. నాలుగు వారములు నాగోజు పలుకలేదు. అయిదవ వారము వీరోజే ముద్ద చేతబట్టుకొని, "మల్లసానీ" అని పిలిచి భోరున ఏడ్చెను. చెంబు కరగించిన నాడు తానును ఏడ్చితిననెను.

అప్పుడు నాగోజు చెప్పెను. జ్వరము నాడు పిల్ల దాహమని పిలిచినదట. పోత నడుమ ఆపిన చెడును గదా. ఉండమ్మా, అయినాక తెస్తాననెనట. పోత ముగించి నీళ్లు తెచ్చుసరికి పిల్ల లేదు. అతడు చెప్పినంతసేపు ఎవ్వరును ఓదార్చలేదు, లేవలేదు. విస్తళ్లలో అన్నము ఎండిపోయెను.

కల్లు ఒక్కనాట మానలేదు. ఎన్నిమార్లు తోపునకు పోయి వచ్చినను అతని విస్తరి పంక్తిలోనే ఉండెను. ఏడాదికి మానెను. చేతుల వణుకు మాత్రము పోలేదు. తండ్రి పోత పోయగా అతడు తిత్తి ఊదెను. కొలిమి వెలిగెను.

తమ ఇంట ఒకరు గోడవైపు తిరిగి పండుకొనియుండగా చూచినవారు, బిడ్డ విస్తరి వాకిట వేసినవారు, ఒక పేరు ఎత్తరాదని ఆన పెట్టినవారు ఈ నోము నోచవలెను. పోయినవారు తిరిగి రారు. ఉన్నవారు మిగులుదురు. ఇదియే ఫలము. కథ ముగిసినది. చేతనున్న అక్షతలు మీ తలలపై వేసికొనకుడు. మీ ఇంట మాటాడక కూర్చున్నవారి తలపై వేసి, వారి ప్రక్కన కూర్చుండుడు.